థర్మాస్‌లో వచ్చిన సూది

2011 జూన్ బదిలీల్లో నన్ను నర్సింహులపేటకూ పెద్దవంగరకూ నడుమ ఉన్న ఒక ఊరి పశువైద్యశాలకు వేశారు. ఊరి పేరు చెప్పను. అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న డాక్టరుకు నా నిర్వాకంలో వాటా లేదు. అప్పటికి అదంతా వరంగల్ జిల్లా. నాది జనగామ. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా చేతిలో కత్తి కంటే కలమే ఎక్కువసేపు ఉండేది. ఒక బర్రెకు సూది వేస్తే మూడు రిజిస్టర్లలో రాయాలి, నెలాఖరుకు ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. బర్రె బతికిందా లేదా అన్నది ఆ మూడింటిలో ఎక్కడా ఉండదు.

ఊళ్లో దాన్ని పసుల దవాఖాన అనేవారు. రెండు గదులు, ముందు ఒక వేపచెట్టు, దాని కింద ట్రెవిస్. ట్రెవిస్ అంటే పశువు కదలకుండా నిలబెట్టే ఇనుప గొట్టాల చట్రం. సిబ్బంది అంటే నేను, అటెండర్ యాకూబ్. మూడో పోస్టు ఖాళీ. నేను చేరేనాటికే ఖాళీ, బదిలీ అయ్యేనాటికీ ఖాళీ. యాకూబ్‌ది ఆ ఊరే. ఇరవై ఏళ్లుగా డాక్టర్లను చూస్తున్నాడు. ఎవరొచ్చినా మొదటి వారం పని నేర్పేది అతనే, ఆ తర్వాత సలాం కొట్టేదీ అతనే.

కుక్కలకు మాత్రం గురువారం. మిగతా రోజుల్లో కుక్క వస్తే మేకలు బెదిరి తాళ్లు తెంపుకునేవి. కుక్కను తీసుకురావాలంటే కొన్ని పద్ధతులున్నాయి. సూదికి వారం ముందు నట్టల మాత్ర వేయాలి. ఆ రోజు పొద్దున తేలికగా పెట్టాలి, కడుపు నిండా పెట్టొద్దు. స్నానం రెండు రోజుల ముందే చేయించాలి. మెడకు గొలుసు, మూతికి కట్టు ఉండాలి. కుక్క ఎవరి మాట వింటుందో వాళ్లే రావాలి. పాత కార్డు ఉంటే తేవాలి. ఎండెక్కక ముందే రావాలి. సూది తర్వాత అరగంట నీడన కూర్చోబెట్టి, మూతి వాస్తుందా, వణుకు వస్తుందా చూసుకోవాలి. ఇవన్నీ నేనే ఒక కాగితం మీద రాసి, జిరాక్స్ తీయించి పంచేవాణ్ని. దాన్ని పాటించినవాణ్ని నేను అప్పటికి చూడలేదు. కుక్కకు రెండు కోడిగుడ్లు తినిపించి, అప్పుడే స్నానం చేయించి, నీళ్లు కారుతుండగా మోటారు సైకిల్ ట్యాంకు మీద కూర్చోబెట్టి మధ్యాహ్నం పన్నెండింటికి తెచ్చేవారు. కార్డు ఏదంటే, ఇంట్ల ఉండె సార్, ఎలుకలు కొట్టినయ్ అనేవారు.

ఇక ఫ్రిజ్ సంగతి. పిచ్చికుక్క రోగానికి వేసే టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల నడుమ ఉండాలి. తయారైన చోటు నుంచి కుక్క చర్మం దాకా ఎక్కడా వెచ్చబడకూడదు. ఒకసారి రోజుల తరబడి వేడి తగిలితే దాని సత్తువ పోతుంది, మళ్లీ చల్లబరిస్తే తిరిగి రాదు. రంగు మారదు, వాసన రాదు. పనిచేసే సీసా, పనిచేయని సీసా పక్కపక్కన పెడితే నాకూ తెలియదు, తయారుచేసినవాడికీ తెలియదు. అందుకని ఒక రిజిస్టర్ పెట్టారు. రోజూ ఉదయం, సాయంత్రం ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలుందో చూసి రాయాలి, డాక్టరు పొట్టి సంతకం చేయాలి. నేను చేరినప్పుడు పాత పేజీలు తిరగేశాను. అన్నిటా నాలుగు. మే నెల ఎండల్లో నాలుగు, కరెంటు లేని రోజు నాలుగు. యాకూబ్‌ను అడిగితే, నాలుగు మంచి నంబర్ సార్, ఎవ్వరు అడుగరు అన్నాడు. నేనూ అడగలేదు, సంతకం పెట్టాను.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. రాష్ట్రం కోసం ఉద్యోగులంతా కలాలు పక్కన పెట్టారు. మేమూ పెట్టాం. అందులో నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. మండల ఆఫీసు ముందు టెంటులో టీచర్లు, రెవెన్యూ వాళ్లు, మేము పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్లం. వంటలు రోడ్డు మీదే. నాకు మైకు ఇచ్చేవారు కాదు గానీ చప్పట్లు కొట్టడంలో ముందుండేవాణ్ని. మొదటి రోజు దవాఖానకు తాళం వేసేటప్పుడు ఊరివాళ్లు పది మంది వచ్చారు, గేటుకు దండ వేశారు, ఫోటో దిగాం. ఆ ఊపులో నేను యాకూబ్‌తో మెయిన్ కూడా ఆపెయ్, సమ్మె అంటే సంపూర్ణంగా ఉండాలి, లోపల లైటు కూడా వెలగొద్దు అన్నాను. అతను ఒక్క క్షణం ఆగి నా ముఖం చూశాడు. పది మంది ముందర డాక్టరుకు ఎదురు చెప్పడం ఎందుకని మెయిన్ దించాడు. ఫోటోలో అతని చెయ్యి ఇంకా స్విచ్చు మీదే ఉంది.

నలభై రెండు రోజుల తర్వాత తాళం తీశాం. ఫ్రిజ్ తలుపు తెరవగానే బూజు వాసన కొట్టింది. థర్మామీటరు ఇరవై తొమ్మిది చూపించింది. లోపల ముప్పై మూడు సీసాలు వరుసగా నిలబడి ఉన్నాయి. యాకూబ్ తలగోక్కుని, నేను అప్పుడే అందామనుకున్న సార్ అన్నాడు. మెయిన్ ఎత్తాం. సాయంత్రానికి ఫ్రిజ్ నాలుగుకు వచ్చింది. ఆ పూటకు మాత్రం రిజిస్టర్‌లో నిజమే రాశాం.

నిబంధన ప్రకారం ఆ సీసాలన్నీ పాడైనట్టు పట్టిక రాసి, పైవారి అనుమతితో పూడ్చిపెట్టి, కొత్త స్టాకు అడగాలి. కారణం అనే గడిలో ఏదో ఒకటి రాయాలి. బొగ్గు బావులు కూడా సమ్మెలో ఉండి ఊరూరా కోతలు నడిచాయి కాబట్టి కరెంటు లేదని రాస్తే సరిపోయేది. కానీ మెయిన్ దించిన ఫోటో అప్పటికే స్థానిక పేపర్లో వచ్చింది, కింద నా పేరుతో సహా. రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటుండగా గురువారం వచ్చింది. నాలుగు కుక్కలు వచ్చాయి. టీకా లేదంటే ఎందుకు లేదో చెప్పాలి. నేను లేదనలేదు. ఆ సీసాల్లోంచే నాలుగింటికీ వేసి పంపాను. కొంచెమైనా సత్తువ మిగిలి ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఐదేళ్లు చదివిన చదువు ఆ ఒక్క 'లే'కు ఉపయోగపడింది.

ఆ రోజే అయిదో మనిషిగా ద్వాలి వచ్చింది. నాలుగు కిలోమీటర్ల అవతలి తండా. నలభై దాటి ఉంటాయి. భర్త భివండికి పనికి పోయాడు. పదకొండు మేకలు, ఒక నల్ల కుక్క ఆమె సంసారం. కుక్క పేరు మోతీ. మేకలను గట్టు మీదికి తోలితే చుట్టూ తిరిగి కాసేది అదే. రెండేళ్ల కింద ఊళ్లోకి వచ్చిన ఒక శిబిరంలో దానికి టీకా వేయించి, ఆ కార్డు కొంగున ముడేసుకుని తెచ్చింది.

ఆమె చెప్పిన సంగతి ఇది. నెలన్నర కింద ఎక్కడిదో పిచ్చికుక్క తండాలోకి వచ్చి ఒక దూడను కరిచింది. ఆ దూడ మొన్న నురగలు కక్కి చచ్చింది. మోతీ ఆ రోజు ఇంట్లో గొలుసుతో కట్టేసి ఉంది కాబట్టి పిచ్చికుక్క దాని జోలికి రాలేదు. అయినా తండా పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. వచ్చే గురువారం పొద్దుగూకే దాకా గడువు. సూది కార్డు ఉన్న కుక్క ఉంటుంది, లేని కుక్కను కొట్టి చంపుతారు. పాత కార్డు చెల్లదు, కొత్తది కావాలి. తండాలో పిల్లలున్నారు, వాళ్ల భయం వాళ్లది, అది తప్పని ఆమె కూడా అనలేదు.

నేను మోతీని చూశాను. పొట్టలో నట్టలు ఉన్నాయి. మాత్ర ఇచ్చి, వారం తర్వాత రమ్మని, నా జిరాక్స్ కాగితం చేతిలో పెట్టాను. ఆమె నాకు చదువు రాదు, నువ్వే చదువు అంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మూడోసారి తనే ఒక్కొక్కటి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ నాకు అప్పజెప్పింది. స్నానం ఎన్ని రోజుల ముందు అన్నచోట తప్పు పోతే దిద్దుకుంది. వారంలోగా వరంగల్ నుంచి కొత్త స్టాకు తెప్పిస్తానని నేను నిజంగానే అనుకున్నాను. నా తరఫున చెప్పుకోగలిగింది ఇదొక్కటే కాబట్టి చెబుతున్నాను.

మర్నాడు జాబు వచ్చింది. వచ్చే గురువారం తనిఖీ. వచ్చేది జిల్లా నుంచి ఒక పై అధికారి. ఆయన హోదా చెప్పినా పేరు చెప్పినట్టే కాబట్టి పెద్దసారు అంటాను. పాడైన స్టాకు సంగతి ఏం చేయమంటారని వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే గుమాస్తా విసుక్కున్నాడు. తనిఖీ ముందర పాడైన పట్టిక పంపేవాడు ఎవడైనా ఉంటాడా డాక్టర్ సాబ్ అన్నాడు. పాత స్టాకు కాగితం మీద ఉండగా కొత్త స్టాకు ఇవ్వరట. ముందు తనిఖీ కానీయండి, తర్వాత చూద్దాం అని పెట్టేశాడు. మా శాఖలో 'తర్వాత చూద్దాం' అంటే ఉత్తర్వు కిందే లెక్క.

ఇక తయారీ మొదలైంది. గోడలకు సున్నం వేయించాం. వేపచెట్టుకు నడుము దాకా సున్నం, దాని మీద ఎర్ర జాజు పట్టీ. ట్రెవిస్‌కు వెండి రంగు. రంగు ఆరలేదని రెండు రోజులు పశువులను బయటే చూశాను. మందుల అలమరలో ఖాళీ డబ్బాలను ముందుకు, మందులున్నవి వెనక్కు సర్దాం, ఎందుకంటే ఖాళీ డబ్బాలే పెద్దవి. పాడు ఇంజక్షన్లు పడేసే గుంటను తవ్వించమని మూడు నెలలుగా అడిగితే కాని పని రెండు గంటల్లో అయింది.

శనివారం యాకూబ్ ఉష్ణోగ్రత రిజిస్టర్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సెప్టెంబరు సగం నుంచి తెల్లగా ఉంది. తెల్ల పేజీ చూస్తే పెద్దసార్లకు కోపం వస్తుందని అతని అనుభవం. కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు, తారీఖు మార్చి మళ్లీ నాలుగు. రెండు పేజీలయ్యాక తల ఎత్తి, అక్కడక్కడ అయిదు పెడ్దామా సార్, అసలుదాని లెక్క కొడ్తది అన్నాడు. నేను ఆలోచించి పెట్టమన్నాను. ఎనభై నాలుగు గడులు. వాటి పక్కన ఎనభై నాలుగు సంతకాలు నావి. ఆ పనిలో ఎంత శ్రద్ధగా ఉన్నామంటే, అవి సమ్మె రోజులనీ, ఆ రోజుల్లో దవాఖానకు తాళం ఉందనీ, మేమిద్దరం టెంటులో కూర్చున్నామని హాజరు పట్టీలో మా సంతకంతోనే రాసి పంపామనీ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. సమ్మె చేసిన రోజుల్లో డ్యూటీ చేసినట్టు దొంగరాత రాసినవాళ్లు ఉద్యమంలో మేమిద్దరమే అయి ఉంటాం.

గురువారం ఎనిమిదిన్నరకు ద్వాలి వచ్చింది, అందరికంటే ముందు. మోతీ మెడకు గొలుసు, మూతికి చిక్కం. చిక్కం అంటే పొలంలో ఎద్దు పైరు మేయకుండా మూతికి కట్టే తాటి అల్లిక. ఆమె దాన్ని కుక్క మూతి కొలతకు చిన్నదిగా అల్లింది. కొత్త కట్టు అయితే కుక్క గింజుకుంటుందని ఆరు రోజులు పూటకు కొంచెంసేపు తొడిగి అలవాటు చేసిందట. మంగళవారం స్నానం. పొద్దున సగం రొట్టె. నేను థర్మామీటరు తీస్తుంటే మోతీ తనే నిలబడి తోక పక్కకు జరుపుకుంది. నేను ఆశ్చర్యపోతే, తోక లేపుడు కూడ అలవాటు చేసిన సారు, పోయినసారి నిన్ను జర పరేషాన్ చేసిందిగద అంది. నూటొకటిన్నర. కుక్కకు అది మామూలు వేడి. కళ్లు, చిగుళ్లు, చర్మం అన్నీ బాగున్నాయి. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత పద్ధతిగా తయారై వచ్చిన జంతువును నేను మళ్లీ చూడలేదు. మనుషుల్లో అసలే చూడలేదు.

ఫ్రిజ్ తెరిచి సీసా చేతిలోకి తీసుకున్నాను. నేను ఏం చేయబోతున్నానో నాకు తెలుసు. నీళ్లతో సమానమైన మందు వేసి కార్డు రాసి ఇస్తాను. కార్డుతో మోతీ బతుకుతుంది. రేపు ఇంకో పిచ్చికుక్క తండాలోకి వస్తే ఆ కార్డు ఎవరినీ కాపాడదు. మోతీని నమ్మి పక్కన కూర్చున్న పిల్లలను అసలే కాపాడదు. సిగ్గుగా ఉండింది. కానీ సీసా కింద పెట్టలేదు. అప్పుడే గేటు ముందు జీపు ఆగింది.

పెద్దసారు దిగారు. వెనక సీట్లోంచి డ్రైవరు ఒక తెల్ల బొచ్చుకుక్కను ఎత్తుకుని దిగాడు. సారు ఇంటి కుక్క, పేరు స్వీటీ. ఎట్లాగూ దవాఖానకే వస్తున్నాం కదా, దీని ఏడాది సూది కూడా అయిపోతుందని తెచ్చారట. స్వీటీ దారంతా బిస్కెట్లు తిని, రెండుసార్లు జీపులో కక్కి, ఒంటినిండా అత్తరు వాసనతో ఉంది. మూతికట్టు లేదు. కార్డు ఇంట్లో ఉందన్నారు. అది ఎవరి మాట వింటుందో ఆ అమ్మగారు హన్మకొండలోనే ఉన్నారు.

తనిఖీ పావుగంటలో అయింది. సున్నం చూశారు, జాజు పట్టీ చూశారు, బాగుందన్నారు. ఉష్ణోగ్రత రిజిస్టర్ తెరిచి, చివరి పేజీకి పోయి, 'పరిశీలించాను. శీతల నిర్వహణ సంతృప్తికరం' అని రాసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. ఆ సిరా ఆరకముందే డ్రైవరు జీపులోంచి ఒక థర్మాస్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే మంచుగడ్డల నడుమ ఒక టీకా సీసా. జిల్లా స్టోరు నుంచి ఆ పొద్దునే తీసింది. స్వీటీకి అందులోంచి వేయమన్నారు. మా ఫ్రిజ్ నిర్వహణతో సంతృప్తి చెందిన మనిషి సొంత కుక్కకు సీసా వెంట తెచ్చుకున్నాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. పెద్దసారు తెలివైనవాడే అనిపించింది.

పై అధికారి కుక్క అనేసరికి నా చేతులు నాకంటే ముందు కదిలాయి. వరుస ప్రకారం మొదట వేడి చూడాలి, తర్వాత మందు తీయాలి. నేను మొదటే సీసా మూత పొడిచి సిరంజిలోకి మందు తీశాను. డ్రైవరు స్వీటీని బల్ల మీద పట్టుకున్నాడు. నేను మెడ దగ్గర చర్మం ఎత్తుతుండగా, గుమ్మం పక్కన మోతీతో నిలబడ్డ ద్వాలి మాట్లాడింది.

"మా మోతీకి జ్వరం చూసే పుల్ల పెట్టినవుగద సారు. దానికి పెట్టవా?"

ఆమె వెటకారంగా అడగలేదు. నేను మూడుసార్లు చదివి వినిపించిన పద్ధతి ఎక్కడ తప్పానో అప్పజెప్పింది, అంతే. పెద్దసారు అవసరం లేదు, కానీయ్ అన్నారు. కానీ అడిగాక చూడకుండా ఉండటం నాకు చేతకాలేదు. సిరంజి పళ్లెంలో పెట్టి థర్మామీటరు తీశాను. స్వీటీ డ్రైవరు చేతిని కరిచింది, పళ్లు పెద్దగా దిగలేదు. నూట నాలుగు. బొచ్చు పాయలు తీసి చూస్తే లోపల ముద్దలు ముద్దలుగా గోమార్లు. కుక్కల ఒంటి మీద నెత్తురు తాగి బలిసే ఆ పురుగుల వల్ల వచ్చే జ్వరం అది. పైన అంతా దువ్వి పెట్టారు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. జ్వరం ఉన్న కుక్కకు టీకా వేయకూడదు. ఈ మాట చెప్పాను. పెద్దసారు ముఖం మాడ్చుకుని, సరే అయితే మందు మళ్లీ సీసాలో పోసి మంచులో పెట్టు, వచ్చే వారం వేద్దాం అన్నారు.

ఒకసారి సిరంజిలోకి తీసిన మందు గంటలోపు వాడాలి, లేదా పారేయాలి. అది కొత్తగా చేరిన కాంపౌండరుకు కూడా తెలుసు. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది. అప్పుడు ద్వాలి రెండో మాట అడిగింది. ఈసారి పెద్దసారునే అడిగింది.

"ఫ్రిజ్‌ల గన్ని సీసలుండంగ మీరు ఇంటికెల్లి ఎందుకు తెచ్చుకున్నరు సారు? ఈడివి మంచివి కావా?"

పెద్దసారు నన్ను చూశారు. నేను యాకూబ్‌ను చూశాను. యాకూబ్ గోడ సున్నం చూశాడు. పెద్దసారు తనిఖీలో పబ్లిక్‌ను లోపలికి ఎందుకు రానిచ్చావని నన్ను అడిగారు.

నేను చాలా భయస్తుణ్ని. ఆ ముప్పై ఏళ్లలో పై అధికారి ముందు ధైర్యం చేసింది లేదు. ఆ రోజు చేసింది కూడా ధైర్యం కాదు. ఆమె ఒక్కొక్క పద్ధతీ పాటించి వచ్చి నిలబడితే, ఇక చెప్పడానికి నా దగ్గర అబద్ధం మిగల్లేదు.

"మంచివి కావు అక్కా" అన్నాను. "సమ్మెల మెయిన్ బంద్ చేసిపోయినం. అన్నీ పాడైనయ్."

పెద్దసారుతో, తీసిన మందు దాచడానికి లేదు సార్, ఈ గదిలో దానికి తయారుగా ఉన్నది ఈ కుక్క ఒక్కటే అన్నాను. జవాబు కోసం ఆగలేదు. ఆగితే ఆయన వద్దనేవారు, నేను వినేవాణ్ని. మోతీ మెడ మీద చర్మం ఎత్తి సూది వేశాను. అది కదలలేదు. కొత్త కార్డు రాసి, ముద్ర వేసి ద్వాలి చేతికిచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, అరగంట కూర్చోవాలన్నవు గద అని, మోతీని తీసుకుని వేపచెట్టు కింద కూర్చుంది. అరగంటా కుక్క మూతి వంకే చూస్తూ కూర్చుంది.

ఆ అరగంటలో పెద్దసారు రిజిస్టర్‌ను మొదటిసారి చదివారు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ సెప్టెంబరు దగ్గర ఆగారు. ఆయనా సమ్మెలో ఉన్నవారే, తారీఖులు ఆయనకూ గుర్తే. వేలు పెట్టి చూపిస్తూ, ఈ రోజుల్లో నువ్వు సమ్మె చేశావా, డ్యూటీ చేశావా అని అడిగారు. సమ్మె చేశాను సార్, రాసింది అబద్ధం అన్నాను. ఆయన మెమో ఇస్తానని, ఇంక్రిమెంటు ఆపిస్తానని లేచారు. లేచాక చివరి పేజీలో తన ఆకుపచ్చ సంతకం కనిపించింది. రిజిస్టర్ మూసి, పక్కకు జరిపి, స్వీటీ జ్వరానికి మందు రాయమన్నారు. రాశాను. గోమార్లు తీయించమనీ, వచ్చేసారి బిస్కెట్లు పెట్టొద్దనీ చెప్పి, నా జిరాక్స్ కాగితం ఒకటి చేతికిచ్చాను. జేబులో పెట్టుకున్నారు.

మెమో రాలేదు. ఇస్తే తన 'సంతృప్తికరం' గురించి ఆయన కూడా రాయాల్సి వచ్చేది. ఆ మధ్యాహ్నమే ముప్పై మూడు సీసాల్లో మిగిలినవన్నీ లెక్కపెట్టి పట్టిక రాశాను. కారణం అనే గడిలో 'డాక్టరు అజాగ్రత్త' అని రాసి పంపాను. కొత్త స్టాకు పదిహేను రోజులకు వచ్చింది. అది తీసుకుని, ముందు గురువారం నేను మోసం చేసిన నాలుగు కుక్కల ఇళ్లకు పోయాను. మూడు ఇళ్లలో విషయం చెప్పి మళ్లీ సూది వేశాను. ఇద్దరు తిట్టారు, ఒకరు చాయ్ పోశారు. నాలుగో ఇంట్లో కుక్క లేదు. ఎవరికో ఇచ్చేశామన్నారు, ఎవరికో వాళ్లకూ సరిగా గుర్తులేదు. ఆ కుక్క మెడలో నేను రాసిన కార్డు కట్టి ఇచ్చారట. దాని కోసం రెండు ఊళ్లు తిరిగాను, దొరకలేదు. ఇప్పటికీ పిచ్చికుక్క కరిచిందన్న వార్త పేపర్లో కనబడితే ముందు ఊరి పేరే చూస్తాను.

నాలుగు నెలలకు నన్ను 'పరిపాలనా కారణాల' మీద భూపాలపల్లి వైపు ఘనపూర్‌కు బదిలీ చేశారు. పోయే ముందు ఒకసారి తండా మీదుగా పోయాను. మోతీ గట్టు మీద మేకల వెనక తిరుగుతూ కనిపించింది. నన్ను చూసి తోక పక్కకు జరుపుకుంది.

తర్వాత నాకూ ప్రమోషన్ వచ్చింది. నేనూ జీపులో తనిఖీలకు పోయాను. నా కోసమూ చెట్లకు జాజు పట్టీలు వేశారు. రాష్ట్రం వచ్చింది, రిజిస్టర్ అట్ట మీద ప్రభుత్వం పేరు మారింది. లోపల నాలుగు అట్లాగే ఉంది, అక్కడక్కడ అయిదుతో సహా. ఆ గురువారం నేర్చుకున్నది ఒక్కటే కాబట్టి దాన్నే వాడాను. ఏ దవాఖానకు పోయినా రిజిస్టర్ తెరవలేదు. మీ ఇంట్లో కుక్క ఉందా డాక్టర్ గారూ, దానికి సూది ఏ ఫ్రిజ్‌లోంచి వేశారు అని అడిగేవాణ్ని. ఈ ఫ్రిజ్‌లోంచే అని వెంటనే చెప్పినవాళ్ల దగ్గర సంతకం పెట్టాను. రిటైరయ్యేదాకా అట్లాంటి సంతకాలు పెట్టింది తక్కువ.